ఏస్-కింగ్ ఉంది, ఫ్లాప్‌లో ఏం తగల్లేదు: బెట్ వేయాలా, చెక్ చేయాలా?

పోకర్‌లో చేతికి ఏస్-కింగ్ రాగానే మొహం వెలిగిపోతది, రైజ్ కొడ్తాం (పందెం పెంచుతాం), ఇద్దరు కాల్ చేస్తారు (వాళ్ళూ అంతే పెడ్తారు), తీరా ఫ్లాప్, అంటే అందరికీ కలిపి కింద వేసే మొదటి మూడు ముక్కలు, తెరిస్తే ఏసూ లేదు కింగూ లేదు. టైమ్ బాలేదని తిట్టుకుంటాం గానీ లెక్కే అంత, 67.6 శాతం ఫ్లాప్‌లలో ఈ రెండిట్లో ఏదీ పడదు, అంటే మూడు సార్లలో రెండు సార్లు ఖాళీ చేతులే. మరి ఆ రెండు సార్లు బెట్ వేయాలా (పందెం పెట్టాలా), చెక్ చేయాలా (ఏం పెట్టకుండా పక్కోడికి వదలాలా) అనేదే ఇప్పుడు చెప్తున్నా.

ముందే ఒక మాట, ఇది డబ్బుల్లేకుండా ఇంట్లో ఆడే హోల్డెమ్ గురించి, అంటే చేతిలో రెండు ముక్కలు, కింద అందరికీ కలిపి ఐదు ముక్కలు ఉండే పోకర్. తెలంగాణలో 2017లో గేమింగ్ చట్టం మార్చినప్పట్నుంచే ఆన్‌లైన్‌లో పైసలు పెట్టి రమ్మీ, పోకర్ ఆడటం బందయింది, 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. మేం చిక్కడపల్లిలో మా అత్తమ్మోళ్ల డాబా మీద చింతపిక్కలతో ఆడ్తాం, ఓడినోడు పొద్దున గిన్నెలు కడగాలి, అంతే.

ఒకరోజు అక్కడే నాకు ఇస్పేటు ఏస్, డైమండ్ కింగ్ వచ్చినయి. 20 పిక్కలు రైజ్ చేశా, బావ, ఇంకో దోస్తు కాల్ చేశారు, పాట్‌లో (మధ్యలో పోగైన పందెం) 60. ఫ్లాప్‌లో ఆఠీను 9, ఆఠీను 8, కళావరు 6. నేనేం ఆలోచించలే, 40 తోసేశా. దోస్తు ఫోల్డ్ (ముక్కలు పడేసిండు), బావ కాల్. టర్న్‌లో, అంటే నాలుగో ముక్కగా, 2 పడ్డది, ఇంకో 80 పెట్టా, బావ చాయ్ తాగుకుంటనే మళ్ళీ కాల్. రివర్‌లో, అంటే ఆఖరి ఐదో ముక్కలో, కూడా ఏం రాలే, ఇద్దరం చెక్, ఆయన 9-7 చూపించిండు, తొమ్మిదుల జత. "కింద ఏం పడ్డదో సూశినవా ర, నీ చేతిల ముక్కల్నే సూస్కుంట కూసున్నవ్?" అన్నడు. మొత్తం 140 పిక్కలు పోయినయి, గిన్నెలు కూడా నేనే కడిగిన.

మనోళ్లంతా రమ్మీ మీద పెరిగినోళ్లం కదా, కళ్ళు ఎప్పుడూ మన 13 ముక్కల మీదే ఉంటయి. అందుకే మొదటి పని, చేతిలో ముక్కలు బోర్లించి పెట్టి కింద మూడు ముక్కల్ని చూడండి. క్వీన్-7-2, మూడూ వేరే వేరే రంగులు (ఇస్పేటు, ఆఠీను, కళావరు లాగ) అనుకోండి, ఇట్లాంటి ఎండిపోయిన ఫ్లాప్ ఎవరికీ పెద్దగా తగలదు, ముందు రైజ్ చేసింది మీరు కాబట్టి మీ దగ్గర పెద్ద జత ఉందేమో అని వాళ్ళకి డౌట్ ఉంటది, అక్కడ బెట్ వేయొచ్చు. 9-8-6, అందులో రెండు ఒకే రంగు అంటే మాత్రం కాల్ చేసేవాళ్ళకి పండగే, జతలు, స్ట్రెయిట్ (వరసగా ఐదు ముక్కలు) ఆశలు, ఫ్లష్ (ఒకే రంగు ఐదు ముక్కలు) ఆశలు అన్నీ అక్కడే ఉంటయి, అట్లాంటి చోట నేనిప్పుడు చెక్ చేస్తా.

మధ్యరకం ఫ్లాప్ ఇంకోటుంది, జాక్-10-4 లాంటిది. మీకు జత లేదు గానీ క్వీన్ పడితే స్ట్రెయిట్, అంటే మూడు ఏసులు, మూడు కింగులు, నాలుగు క్వీన్లు, మొత్తం పది ముక్కలు మీకు పనికొస్తయి. టర్న్, రివర్ రెండూ కలిపి వీటిలో ఒకటైనా పడే ఛాన్స్ 38 శాతం. ఉత్త ఆరు ముక్కలే ఉంటే 24 శాతం. పైగా ఆ ఆరూ పక్కా అని కూడా అనుకోవద్దు, ఏస్ పడేసరికి అవతలోడికి రెండు జతలైపోయి మనం ఇంకా ఎక్కువ పోగొట్టుకున్న రోజులున్నయి.

రెండోది, ఎదురుగా ఎంతమంది ఉన్నరో లెక్కపెట్టండి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం ఇదే. ఒక్కొక్కడు సగం సార్లు ఫోల్డ్ చేస్తాడనుకుందాం, ఒక్కడే ఉంటే మీకు సగం సార్లు పాట్ వచ్చేస్తది, ఇద్దరుంటే నాలుగిట్లో ఒకసారి, ముగ్గురుంటే ఎనిమిదిట్లో ఒకసారి. అందుకే ముగ్గురి మీద ఖాళీ ఏస్-కింగ్‌తో బెట్ దాదాపు దండగ. ఒక్కడే ఉన్నా వాడు మా బావ లాగ ఏ జత తగిలినా వదలని రకమైతే బ్లఫ్ మాటే మర్చిపోండి, వాడి మీద జత తగిలినప్పుడే గట్టిగా కొట్టాలి.

ఎంత పెట్టాలి? 60 పాట్‌కి 20 పెడితే నాలుగిట్లో ఒకసారి వాళ్ళు ఫోల్డ్ చేసినా మీకు నష్టం లేదు, 40 పెడితే 40 శాతం సార్లు ఫోల్డ్ చేయాలి, 60 పెడితే సగం సార్లు. ఎండు ఫ్లాప్‌లో 20తో అయ్యే పనికి 40 ఎందుకు. జాక్-10, 10-9 లాంటి ఏం తగలని చేతులు చిన్న బెట్‌కే పోతయి, పోవాలి కూడా, ఎందుకంటే ఇప్పుడు మనకంటే వెనకున్నా ఫ్రీగా ముక్క చూపిస్తే వాటికీ ఆరు ముక్కల ఛాన్స్ ఉంటది.

మీరు ఆఖర్న ఆడే సీట్లో ఉండి అందరూ చెక్ చేస్తే, డౌట్‌గా ఉన్నప్పుడు మీరూ చెక్ చేసి టర్న్ ఫ్రీగా చూడండి. ముందు సీట్లో అయితే చెక్ చేయగానే ఎవడో ఒకడు బెట్ వేస్తాడు, అది పెద్దదైతే వదిలేయడమే. మీ బెట్ మీద రైజ్ వచ్చినా అంతే, పది ముక్కల ఆశ లాంటిదేమన్నా ఉంటే తప్ప ఫోల్డ్. కాల్ వచ్చి టర్న్‌లో పనికిరాని ముక్క పడితే ఆగిపోండి, నేను 80 పోగొట్టుకుంది అక్కడే.

రివర్ దాకా చెక్‌లతో వచ్చేసి చేతిలో ఉత్త ఏసే మిగిలితే, బెట్ వేయకుండా ముక్కలు చూపించండి. మనకంటే చిన్న చేతులు బెట్ చూసి ఎట్లాగూ పారిపోతయి, జత ఉన్నోడేమో కాల్ చేస్తాడు, ఇంక బెట్‌తో ఏం లాభం? మొన్న శనివారం ఆఖరి ఆట ఇట్లనే చెక్ చేసుకుంట పోయా, బావ దగ్గర సగంలో ఆగిపోయిన ఫ్లష్, పెద్ద ముక్క జాక్. 60 పిక్కలూ నా ముందుకి తోసి, గిన్నెల దిక్కు చూసిండు.