సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ అవ్వట్లేదా? తప్పు మీది కాకపోవచ్చు

మా పిన్ని తన బట్టల షాపు కోసం ఏదో బిల్లింగ్ ప్రోగ్రామ్ వేసుకుందామని కూర్చుని, రెండు గంటలు తంటాలు పడి, "నాకీ కంప్యూటర్ రాదులేరా" అని ఫోన్ చేసింది. జీఎస్టీ లెక్కలు నోటితో చెప్పేస్తుంది ఆవిడ, రాకపోవడమేంటి? ప్రోగ్రామ్ చేసినవాళ్లు చెయ్యకుండా వదిలేసిన పని ఆవిడ నెత్తిన పడింది, అదీ సంగతి. నన్నడిగితే మామూలు మనిషికి తెలియాల్సినవి రెండే, ఫైల్ ఎక్కడ్నించి దించుకోవాలి, తన విండోస్ 32-బిట్టా 64-బిట్టా (విండోస్‌లో రకాలివి, 64-బిట్ కోసం చేసిన ఫైల్ 32-బిట్ విండోస్‌లో నడవదు).

సమస్య: డబుల్ క్లిక్ చేస్తే "దిస్ యాప్ కాంట్ రన్ ఆన్ యువర్ పీసీ" అంటోంది.

కారణం: ఎక్కువసార్లు 32-బిట్ విండోస్ మీద 64-బిట్ ఫైల్ నడపబోయి ఉంటారు, లేదంటే డౌన్‌లోడ్ మధ్యలో తెగి ఫైల్ పాడై ఉంటుంది.

పరిష్కారం: సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్, అక్కడ సిస్టమ్ టైప్ చూసి దానికి సరిపోయే ఫైల్ మళ్లీ దించండి. విండోస్ 11కి 32-బిట్ రకం అసలు లేదు, కాబట్టి ముందు ఫైల్‌నే అనుమానించండి.

సమస్య: ఇన్‌స్టాల్ అయింది కానీ తెరిస్తే "వీసీరన్‌టైమ్140 డీఎల్ఎల్ వాజ్ నాట్ ఫౌండ్".

పిన్ని ఇరుక్కుంది ఇక్కడే. ప్రోగ్రామ్‌ని విజువల్ సీ ప్లస్ ప్లస్ అనే మైక్రోసాఫ్ట్ సాధనంతో చేశారు, అది నడవాలంటే రన్‌టైమ్ ఫైల్స్ అనే మైక్రోసాఫ్ట్ తోడు ఫైల్స్ కావాలి (ఆ డీఎల్ఎల్ వాటిలో ఒకటి), వాటిని ఇన్‌స్టాలర్‌తో కలిపి ఇచ్చే వీలుంది, ఐనా ఇవ్వలేదు, ఇంక ఈ పేరు చూసి బట్టల షాపావిడకి ఏం అర్థమవుతుంది చెప్పండి, నాకు నిజంగా కోపమొచ్చేది ఇక్కడే.

పరిష్కారం: ఆ రన్‌టైమ్ ఫైల్స్ అన్నీ ఉండే విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ మైక్రోసాఫ్ట్ సైట్‌లోనే ఫ్రీగా దొరుకుతుంది. విండోస్ 64-బిట్ అయినా ప్రోగ్రామ్ 32-బిట్‌ది అయితే దానికి ఎక్స్86 (అంటే 32-బిట్) రకమే కావాలి, అందుకని ఎక్స్86, ఎక్స్64 (64-బిట్‌ది) రెండూ వేసేయండి, గొడవుండదు. గూగుల్‌లో ఆ డీఎల్ఎల్ పేరు కొట్టి ఏదో సైట్‌లో ఆ ఒక్క ఫైల్ దించి విండోస్ సొంత ఫోల్డర్ సిస్టమ్32లో పడేయడం మాత్రం వద్దు, దాంట్లో వైరస్ ఉన్నా మనకి తెలీదు.

సమస్య: "విండోస్ ప్రొటెక్టెడ్ యువర్ పీసీ" అని నీలం బాక్స్.

కారణం: దించిన ఫైల్స్‌ని తనిఖీ చేసే విండోస్ కాపలాదారు స్మార్ట్‌స్క్రీన్‌కి ఆ ఫైల్ పరిచయం లేదు, చాలాసార్లు ఫైల్‌కి డిజిటల్ సంతకం (ఎవరు చేశారో చూపించే గుర్తు) కూడా ఉండదు. వైరస్ అని తేల్చినట్టు కాదు, అలాగని మంచిదనీ కాదు.

పరిష్కారం: మోర్ ఇన్ఫో నొక్కి పబ్లిషర్ పేరు చూడండి. కంపెనీ సొంత సైట్ నుంచే దించారని గట్టిగా తెలిస్తేనే రన్ ఎనీవే. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫైల్ అయితే ఆలోచించకుండా డిలీట్ కొట్టేయండి.