పాలు తగ్గించాకే పాప బరువు పెరిగింది

మా పాపకి రెండున్నరేళ్లప్పుడు గ్రోత్ చార్టులో బరువు గీత నెలల తరబడి పైకి కదల్లేదు. నాకు ఒకటే టెన్షన్. ఏమీ తినడం లేదు, పాలైనా తాగనీ అని రోజుకి లీటరు దాకా పట్టేదాన్ని. తప్పంతా అక్కడే ఉంది. పాలతోనే పొట్ట నిండితే ఇంక ఆకలి ఎక్కడిది? పైగా పాలలో ఐరన్ చాలా తక్కువ. రక్తపరీక్షలో ఐరన్ లోపం బయటపడింది, అది కూడా ఆకలిని చంపేస్తుంది.

డాక్టర్ రాసిన మందు వేస్తూ, పాలు 400 మిల్లీలీటర్లకి తగ్గించి, అవీ తిన్నాకే ఇచ్చాను. పెట్టేది కొంచెమే, రోజుకి ఐదుసార్లు. అందులో చెంచా వెన్నో నూనో కలిపేదాన్ని. కొవ్వు గ్రాముకి 9 కేలరీలిస్తే, పిండిపదార్థం ఇచ్చేది 4. బలవంతంగా నోట్లో కుక్కడం మానేశాను (నాకు అన్నిటికన్నా కష్టమైంది అదే). మూడో నెలలో గీత కదిలింది.