తెలుగు నేమ్‌ప్లేటు: గీత నుంచి జీకోడ్ దాకా

దర్వాజ పక్కన బిగించే పేరును ఇంట్లో చేసుకున్న సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ చెప్పినట్టు చెక్క కోసే మిషన్) మీద కోసేటప్పుడు చిక్కంతా అక్షరాల్లోనే ఉంటుంది. కంప్యూటర్‌లో గీతకు మందం లేదు, తిరుగుతూ కోసే బిట్టుకు ఉంది. కింది లెక్కలు ఆర్డునో ఊనో అనే చిన్న బోర్డు మీద జీఆర్‌బీఎల్ 1.1 (జీకోడ్ ఆదేశాలు చదివి మోటార్లు తిప్పే ప్రోగ్రాము) నడిచే మిషన్‌కు, 3 మి.మీ. రెండంచుల బిట్టుకు, 12 మి.మీ. ప్లైవుడ్‌కు.

పేరును ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ ఫాంటుతో టైప్ చేసి ‘ఆబ్జెక్ట్ టు పాత్’ నొక్కండి, అన్‌గ్రూప్ చేసి ‘యూనియన్’ కొట్టండి. యూనియన్ మరిస్తే తలకట్టు, గుడి అక్షరాన్ని తాకేచోట లోపలి గీతలు మిగిలిపోతాయి. బిట్టు వాటి వెంటే పోయి అక్షరాన్ని నరికేస్తుంది. నల్లగొండలోనో పాలమూరులోనో డీటీపీ షాపులో అను ఫాంటుతో చేయించిన ఫైలైతే అక్కడే ‘కన్వర్ట్ టు కర్వ్స్’ చేయించి తెచ్చుకోండి. ఆ ఫాంటు మీ దగ్గర లేకుంటే తెరమీద ఇంగ్లీషు అక్షరాల గజిబిజే కనిపిస్తుంది.

తర్వాత ప్రతి సున్న, ప్రతి గుడి లోపలి ఖాళీని కొలవండి. 3 మి.మీ. కన్నా ఇరుకైతే బిట్టు దూరదు. అక్షరం పెంచండి, లేదా 1.5 మి.మీ. బిట్టు వాడండి.

పేరు పక్కనే 100 మి.మీ. చతురస్రం ఒకటి గీసి, ఎస్‌వీజీ ఫైలును (ఇంక్‌స్కేప్ గీతల ఫైలు) కోత దారి తయారుచేసే ఫ్రీక్యాడ్‌లో తెరిచి ఆ చతురస్రాన్ని కొలవండి. 93.75 వస్తే ఫైలు పాత ఇంక్‌స్కేప్‌ది కావచ్చు: అప్పుడు అంగుళానికి 90 పిక్సెళ్లు, 0.92 నుంచి 96.

ప్రొఫైల్ కోతలో (గీత వెంట కోయడం) బయటి గీతకు ‘అవుట్‌సైడ్’, రంధ్రాలకు ‘ఇన్‌సైడ్’ పెట్టండి. రంధ్రాలు ముందు కోయాలి, బయటి గీత చివర. వొత్తులు విడి ముక్కలుగా ఊడి ఎగురుతాయి కాబట్టి ముక్కకు కనీసం రెండు ట్యాబులు (ముక్క ఊడకుండా కోయకుండా వదిలే చిన్న వంతెనలు), 5 మి.మీ. వెడల్పు, 2 మి.మీ. ఎత్తు ఉంచండి. విడతకు 1.5 మి.మీ. లోతు, మొత్తం 12.3, కింద పాత చెక్క పరవడం మరవద్దు.

వేగం లెక్క: నిమిషానికి 12000 చుట్లు × 2 అంచులు × ఒక్కో అంచు కోసే 0.04 మి.మీ. = నిమిషానికి 960 మి.మీ. ఇంటి ఫ్రేము వణుకుతుంది కాబట్టి 700తో మొదలుపెట్టండి. పొట్టు బదులు పిండి రాలి, కాలిన వాసన వస్తే వేగం తక్కువైనట్టే, భయపడి ఇంకా తగ్గించొద్దు. కిందికి దిగే వేగం 200 చాలు.

జీఆర్‌బీఎల్ పోస్ట్‌ప్రాసెసర్‌తో (కోత దారిని జీకోడ్‌గా మార్చేది) ఫైలు తీసి, మొదట్లో జీ21 (కొలత మి.మీ.లలో), జీ90 (దూరాలన్నీ జీరో నుంచి) ఉన్నాయో చూడండి. ఎర్రర్ 20 వస్తే బిట్టు మార్చమనే ఎం6 లైను తీసేయండి. 22 వస్తే వేగం చెప్పలేదని అర్థం. జెడ్ జీరోను (ఎత్తు లెక్క మొదలయ్యే చోటు) చెక్కకు 20 మి.మీ. పైన పెట్టి ఒకసారి గాలిలో నడిపించండి.

ఇక కోత మధ్యలో కరెంటు పోతే. ల్యాపుటాపు బ్యాటరీ మీద, ఆర్డునో యూఎస్‌బీ మీద నడుస్తూనే ఉంటాయి. మోటార్లు మాత్రం ఆగిపోతాయి. జీఆర్‌బీఎల్‌కు ఆ సంగతి తెలియదు, కదిలానని లెక్క రాసుకుంటూ పోతుంది. కరెంటు రాగానే బిట్టు తప్పు చోట దిగుతుంది. అందుకే పోగానే రీసెట్ కొట్టి, స్పిండిల్ స్విచ్ ఆపండి. హోమింగ్ స్విచ్‌లు (మిషన్ తన మూలను తానే వెతుక్కునే స్విచ్‌లు) లేకుంటే, ఎక్స్0 వై0 దగ్గర 3 మి.మీ. రంధ్రం వేయడమే మీ ఫైలులో మొదటి పనిగా పెట్టుకోండి. తర్వాత ఆపిన బిట్టును అందులోకి దింపితే ఎక్స్, వై జీరో దొరుకుతుంది. జెడ్‌ను చెక్క పైముఖం మీద కాగితంతో మళ్లీ పట్టుకోవాలి.