ఇండియా నుంచి తెచ్చుకున్న ఇంటి వీడియో డిస్కులు ఇక్కడ ఆడకపోతే

అమెరికా వచ్చి సామాన్లు సర్దుకోగానే సూట్‌కేసు అడుగు నుంచి ఇంట్లో రికార్డు చేసిన డీవీడీలు బయటికొస్తాయి. ఇక్కడి ప్లేయర్లో పెడితే చదవనంటుంది. పాత టీవీ అయితే రంగు లేని బొమ్మ పైకీ కిందికీ దొర్లుతుంది. పక్కనున్నవాళ్లు వెంటనే ‘రీజియన్ కోడ్ సమస్య’ అని తేల్చేస్తారు. కాదండీ. రీజియన్ కోడ్ అనేది అమ్మకానికి పెట్టే సినిమా డిస్కులకు వేసే తాళం. ఇండియాకి 5, అమెరికాకి 1. ఇంట్లో రికార్డు చేసిన డిస్కుకి ఆ తాళం ఉండదు. కంప్యూటర్ డ్రైవు రీజియన్ మార్చే పని అసలు పెట్టుకోకండి. ఐదుసార్లు మార్చాక అది శాశ్వతంగా బిగుసుకుపోతుంది, మీ డిస్కుకి మాత్రం దానివల్ల ఒరిగేదేమీ లేదు.

అసలు తేడా బొమ్మలోని అడ్డగీతల లెక్కలో, వేగంలో ఉంది. ఇండియాది పాల్ అనే టీవీ పద్ధతి: 720×576 బొమ్మ, సెకనుకు 25 ఫ్రేములు. అమెరికా, కెనడాలది ఎన్‌టీఎస్‌సీ: 720×480, సెకనుకు 29.97. బ్రిటన్‌కో ఆస్ట్రేలియాకో వెళ్లినవాళ్లకి ఈ గొడవ లేదు, అక్కడా పాలే.

కంప్యూటర్‌కి ఈ పట్టింపు ఉండదు. వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ ప్రోగ్రామ్‌లో రెండూ ఆడతాయి. చూసుకుంటే చాలు అనుకుంటే ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ కేబులు తగిలించి టీవీలో చూసుకోండి, మార్పిడే అక్కర్లేదు. ప్లేయర్ కొంటానంటే పెట్టె మీద ‘రీజియన్ ఫ్రీ’ అన్న మాట చూసి మోసపోవద్దు. పాల్‌ని ఎన్‌టీఎస్‌సీకి మారుస్తుందని విడిగా రాసి ఉండాలి. అవి రెండూ వేర్వేరు గుణాలు.

డిస్కు ఖాళీగా కనిపిస్తే కంగారు వద్దు. డీవీడీ రికార్డర్లో తీసి ‘ఫైనలైజ్’ (వేరే ప్లేయర్లు చదివేలా రికార్డింగుని ముగించడం) చేయకుండా తెచ్చేసి ఉంటారు. ఆ రికార్డర్ ఇంకా ఇంటి దగ్గరే ఉంటే, ఎవరైనా వస్తున్నప్పుడు మిగతా డిస్కులన్నీ అందులో ఫైనలైజ్ చేయించి పంపమనండి. లేదంటే డీవీడీ రైటర్ ఉన్న కంప్యూటర్లో ఐసోబస్టర్ లాంటి ప్రోగ్రామ్‌తో లోపలిది బయటికి తీయొచ్చు.

మార్చే ముందు డిస్కు మొత్తాన్ని ఐఎస్‌ఓ ఫైలుగా, అంటే ఒకే ఫైలులో అచ్చమైన నకలుగా, హార్డ్ డిస్కులోకి దించుకోండి. మరకలుంటే మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవాలి, గుండ్రంగా కాదు. గుండ్రంగా పడిన గీత డేటా వెంబడే పోతుంది, దాన్ని సరిచేసుకోవడం డ్రైవుకి కష్టం. మధ్యలో ఆగిపోయే డిస్కుకి డీడీరెస్క్యూ (పాడైన డిస్కుల నుంచి డేటా లాగే ప్రోగ్రామ్) వాడండి, సెక్టారు సైజు 2048 ఇచ్చి. బాగున్న చోట్లు ముందు లాగేసి, చెడినవాటి కోసం మళ్లీ వెనక్కొస్తుంది. ఒక డ్రైవు చదవనిది ఇంకో డ్రైవు చదవొచ్చు. ఎంతవరకు చదివిందో రాసుకునే మ్యాప్ ఫైలు అదే ఇస్తే ఆగిన చోటి నుంచే అందుకుంటుంది.

ఇక అందరూ చెడగొట్టుకునేది ఇక్కడే, కాస్త నిదానంగా చదవండి. ఇంటి వీడియోలో ఒక్కో ఫ్రేములో రెండు సగాలు అల్లి ఉంటాయి: సరి గీతలు ఒక క్షణానివి, బేసి గీతలు సెకనులో యాభయ్యో వంతు తేడాతో మరో క్షణానివి. అంటే 25 ఫ్రేములంటే నిజానికి 50 క్షణాలు. వీటిని విడదీయకుండా 576 గీతల్ని 480కి కుదిస్తే రెండు క్షణాలూ ఒకదానిలోకి ఒకటి అలుక్కుపోతాయి. పరిగెత్తే పిల్లాడి చుట్టూ దువ్వెన పళ్లలాంటి గీతలు వస్తాయి. ఆ తర్వాత ఏ ఫిల్టర్ వేసినా పోవు. అచ్చయిన కాగితం మీద నీళ్లు పోసినట్టే. ‘ఒక్క క్లిక్కుతో మార్పిడి’ అనే ప్రోగ్రాములు చాలావరకు చేసేది ఇదే. అది చూసుకోకుండా అసలు డిస్కులు పారేసేవాళ్లని ఏమనాలో నాకు తెలియదు.

కాబట్టి హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే ప్రోగ్రామ్‌లో, ఆ ఐఎస్‌ఓలో ఉండే వీడియో_టీఎస్ ఫోల్డర్ తెరవండి. అందులోని వీఓబీ ముక్కల్ని (వీడియో ఫైళ్లని) ఒక్కోటీ విడిగా తెరవకండి. డీఇంటర్లేస్ (అల్లిన సగాల్ని విడదీయడం) దగ్గర బీడబ్ల్యూడిఫ్, దాని ప్రీసెట్ బాబ్. ఫ్రేమ్ రేటు 50. సైజు 576 గీతలే ఉంచండి, 480కి తగ్గించకండి. క్వాలిటీ ఆర్‌ఎఫ్ 18 నుంచి 20 మధ్య. ఆడియో ఏఏసీ, 160 కేబీపీఎస్. ఒక నిమిషం ముక్క తీసి, జనం కదులుతున్న చోట ఆపి చూడండి. దువ్వెన గీతలు లేకపోతేనే మిగతాది నడిపించండి. మనుషులు సన్నగా సాగినట్టు కనిపిస్తే ఆస్పెక్ట్ (వెడల్పు-ఎత్తుల నిష్పత్తి) తప్పింది. పాత 4:3 వీడియో తెర మీద 768×576 కొలతలో పరుచుకోవాలి. వచ్చిన ఎంపీ4 పెన్‌డ్రైవులో వేసి టీవీకి పెడితే చాలావాటిలో ఆడుతుంది.

పెద్దవాళ్ల ప్లేయర్ కోసం ఎన్‌టీఎస్‌సీ డీవీడీయే కావాలంటే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ప్రోగ్రామ్‌తో వరస తప్పకుండా చేయాలి: ముందు 50కి విడదీయడం, తర్వాత 720×480కి కుదించడం, సెకనుకు 59.94కి తేవడం, చివర మళ్లీ అల్లి 29.97 చేయడం. విడదీయడానికి ముందే కుదించారో, పైన చెప్పిందంతా వృథా. ఇంకొకటి, బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే స్పీకర్లని తిట్టకండి. పాల్ డిస్కుల్లో ఎంపీ2 ఆడియో మామూలే, ఎన్‌టీఎస్‌సీ ప్లేయర్లు దాన్ని పలకాలన్న నియమం లేదు. ఏసీ3 ఆడియో, 48 కిలోహెర్ట్జ్‌కి మార్చండి. గంట వీడియోకి సెకనుకు 7 మెగాబిట్లు ఇస్తే 4.7 జీబీ డిస్కులో హాయిగా పడుతుంది. రైటింగ్ వేగం తక్కువలో పెట్టండి.

ఇంత చదివి గుండె జారిపోనక్కర్లేదు లెండి. డిస్కు ఒక్కసారి పూర్తిగా చదివించగలిగితే మిగతా ఏ తప్పునైనా ఐఎస్‌ఓ నుంచి మళ్లీ మొదలుపెట్టి దిద్దుకోవచ్చు. మొదటి డిస్కుకి ఒక సాయంత్రమంతా పడుతుంది, రెండోదానికి సెట్టింగులు సిద్ధంగా ఉంటాయి కాబట్టి రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి ఫైలు ఉంటుంది. ఆ ఐఎస్‌ఓలు మాత్రం రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో పెట్టండి.