నొటేషన్ సాఫ్ట్‌వేర్‌లను సరిగ్గా పోల్చి చూడడం ఎలా?

పాటల స్వరాలను కంప్యూటర్‌లో రాసి ముద్రించే నొటేషన్ సాఫ్ట్‌వేర్‌లలో ఒకటి, 1988లో మొదలైన ఫినాలే. దాన్ని ఇక కొనసాగించబోమని 2024 ఆగస్టులో ప్రకటన వచ్చింది. అప్పటి నుంచి నల్లగొండలో స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద స్వరాలు రాసే పద్ధతి) రాసేవాళ్లు, చర్చి క్వాయర్లకు పాటలు సిద్ధం చేసేవాళ్లు, కీబోర్డు నేర్పేవాళ్లు నన్ను ఒకటే అడుగుతున్నారు: మ్యూజ్‌స్కోరా, సిబీలియసా, డోరికోనా? చాలామంది అప్పటికే ఒక పోలిక చేసుకుని వస్తారు. మూడింటినీ తెరిచి, వాటితో వచ్చే నమూనా పాటను వాయించి, వినడానికి బాగున్నదానికి మార్కులు వేస్తారు. అది పోలిక కాదు. నమూనా పాటను ఎంచుకున్నది అమ్మేవాళ్లే కదా.

కావలసినవి కొద్దే: కంప్యూటర్, గడియారం, ఒక నోటు పుస్తకం. ప్రింటర్ లేకపోతే క్లాక్ టవర్ దగ్గర జిరాక్స్ షాపు చాలు. మ్యూజ్‌స్కోర్ ఉచితం. మిగతా రెండింటికి పూర్తి ఎడిషన్ ట్రయల్ తీసుకోండి. ఉచిత ఎడిషన్‌లో లేని సదుపాయాన్ని ఆ సాఫ్ట్‌వేర్ లోపంగా రాసుకోవద్దు. స్పీకర్లు ఆపేయండి. మంచి శబ్దం వినిపిస్తే కన్ను పేజీలోని తప్పులను వదిలేస్తుంది.

పాట మీదే అయి ఉండాలి, మీకు ముందే కంఠతా వచ్చి ఉండాలి. కొత్త పాట తీసుకుంటే మూడోసారి రాసేసరికి అది నోటికి వచ్చేస్తుంది, చివర రాసిన సాఫ్ట్‌వేర్‌కు అన్యాయంగా లాభం కలుగుతుంది. నేనైతే రెండు గొంతులకు, కీబోర్డుకు రాసిన బతుకమ్మ పాట వాడతాను. దాంతోపాటు మిశ్రచాపులో, అంటే మూడు, నాలుగుగా విడిపోయే ఏడు లెక్కల తాళంలో, ఒక పేజీ.

అసలు చిక్కు పాట ఎక్కించడంలో ఉంది. ఒకదానిలో రాసి, మ్యూజిక్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ (ఒక నొటేషన్ సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి పాటను తీసుకెళ్లే ఫైలు రకం) ఫైలుగా తీసి, మిగతా రెండింటిలో తెరిచి పోల్చకండి. స్వరాలు వస్తాయి, పదాలు వస్తాయి. కానీ పేజీలో ఏది ఎక్కడ కూర్చోవాలన్న నిర్ణయంలో కొంత పాతదానిది, కొంత కొత్తదానిది కలిసిపోతుంది. అప్పుడు కనిపించే తప్పు దేనిదో తేల్చలేం. మూడింటిలోనూ మొదటి స్వరం నుంచి మీరే రాయాలి.

రాసేటప్పుడు అలవాటు అడ్డం వస్తుంది. మ్యూజ్‌స్కోర్‌లో 5 నొక్కితే క్రాచెట్, అంటే సాధారణంగా ఒక బీటు నిడివి ఉండే స్వరం. డోరికోలో అదే 5 నొక్కితే అందులో సగం, క్వేవర్ పడుతుంది. క్రాచెట్ కావాలంటే 6. సిబీలియస్‌లో నంబర్ ప్యాడ్ మీద 4. ఏళ్లుగా మ్యూజ్‌స్కోర్ వాడిన వేళ్లు డోరికోలో మొదటి పేజీ మొత్తం సగం కాలంతో రాసేస్తాయి. వెంటనే ‘డోరికో కష్టం’ అనే మాట వస్తుంది. ఆ కష్టం వేళ్లది. నేను ఇన్నేళ్లలో విన్న తీర్పుల్లో సగానికి పైగా ఇలాంటివే.

అందుకే ఒక్కోదానికి పది రోజులు ఇవ్వండి. ఆ పది రోజులూ మిగతా రెండింటినీ తెరవకూడదు. మొదట రాసే మూడు పాటలను లెక్కలోకి తీసుకోకండి, నాలుగోసారి మీ పరీక్ష పాట రాస్తూ సమయం చూసుకోండి. మౌసు వద్దు, కీబోర్డుతోనే రాయాలి. రెండు రోజుల్లో తేల్చేస్తానంటే అసలు మొదలుపెట్టకండి.

రాయడం అయ్యాక మార్చండి. పాట మధ్యలో నాలుగు బార్లు (నిలువు గీతల మధ్య ఉండే గడులు) చొప్పించండి. ఒకటో శ్రుతిలో (సీ) రాసినదాన్ని అమ్మాయి గొంతుకు ఐదున్నరకు మార్చండి. పాట మేజర్ స్కేలులో ఉంటే అది నాలుగు ఫ్లాట్ల ఏ ఫ్లాట్‌గా రావాలి. అదే శ్రుతి జీ షార్ప్ అనే పేరుతో వస్తే డబుల్ షార్ప్ పడుతుంది, కీబోర్డు వాయించేవాళ్లు తడబడతారు. మిశ్రచాపులో క్వేవర్లను పైగీతతో మూడు, నాలుగుగా కలిపి కట్టిందా? ఒకసారి చెబితే పాటంతా అలాగే ఉంటుందా, ప్రతి బారుకూ చెప్పాలా? ఎన్నిసార్లు చెయ్యి పెట్టి సరిదిద్దారో పుస్తకంలో గీతలు పెట్టుకోండి. రాసే వేగం కన్నా నాకు ఈ గీతలే ముఖ్యం.

పదాలను తెలుగు లిపిలోనే ఎక్కించండి. ‘ఉయ్యాలో’ను ఉ, య్యా, లో అని మూడు స్వరాల కింద విడగొట్టి చూడండి. తర్వాత ‘లక్ష్మీ’ రాసి, పీడీఎఫ్ తీసి, కాగితం మీద ముద్రించండి. ఒక స్కూలు వార్షికోత్సవానికి నేను రాసిచ్చిన పాట తెర మీద చక్కగా ఉంది. కాగితం మీద మ ఒత్తు విడిపోయి పక్కన పడింది. ముప్పై మంది పిల్లల చేతుల్లోకి ఆ కాగితం వెళ్లాక చూసుకున్నాను.

చివరి పరీక్షకు మ్యూజిక్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ కావాలి. ఇప్పుడు పోల్చడానికి కాదు, రేపు ఈ సాఫ్ట్‌వేర్ కూడా ఆగిపోతే మీ పాటలు బయటికి వస్తాయో లేదో తెలుసుకోవడానికి. ఒక్కోదాని నుంచి ఫైలు తీసి మరోదానిలో తెరవండి. స్వరాలు అన్నీ ఉన్నాయా, రెండో చరణం మొదటి దాని కిందే కూర్చుందా, ఒత్తులు నిలిచాయా చూసి, ఆ తర్వాతే డబ్బు కట్టండి.