వీఆర్ థెరపీ మొదటి సెషన్‌కి వెళ్లే ముందు

సెలవుల్లో భయాలకో, ఏకాగ్రత కుదరకో వీఆర్ (వర్చువల్ రియాలిటీ) థెరపీ, అంటే కళ్లకు హెడ్‌సెట్ పెట్టి నిజంలా అనిపించే దృశ్యాలు చూపిస్తూ చేసే చికిత్స, నాలుగైదు సెషన్లు చేయించుకుందామనుకుంటున్నారా? ముందు ఇవి చూసుకోండి.

- చిన్నప్పుడు ఒక్కసారి ఫిట్స్ వచ్చినా సరే, హెడ్‌సెట్ పెట్టకముందే చెప్పండి. మిణుకుమిణుకుమనే వెలుగులకు కొందరికి ఫిట్స్ తిరగబెడతాయి.

- రోజూ వాడే మందులు సొంతంగా ఆపొద్దు. అలాగని ధైర్యానికంటూ ఒక ఆల్‌ప్రజోలం (ఆందోళన తగ్గించే మాత్ర) మింగి వెళ్లొద్దు. ఉదాహరణకు ఎత్తులంటే భయమైతే, హెడ్‌సెట్‌లో కనిపించే పదో అంతస్తు అంచున నిలబడి, అరచేతులు చెమటలు పట్టి, ఆ గుండెదడ దానంతటదే తగ్గడం మీరు గమనించాలి. మాత్ర వేసుకుంటే ఆ అనుభవమే దక్కదు.

- పిల్లల వయసు చూడండి. క్వెస్ట్ అనే వీఆర్ హెడ్‌సెట్లకు తయారీ సంస్థ మెటా పెట్టిన కనీస వయసు 10.

- బిర్యానీ లాగించి వెళ్లకండి, వికారం ఖాయం!

- అయ్యాక కాసేపు కూర్చోండి. తల తిరుగుతుంటే బండి తీయొద్దు.

- 'ఆపండి' అనడానికి సైగ ముందే మాట్లాడుకోండి.