బాలాపూర్ క్యాంపు పిల్లల కోసం సంస్థ పెడదామనుకుంటున్నారా? లోగో కంటే ముందు చూసుకోవాల్సినవి

ఇంజినీరింగ్ రెండో ఏడో, మూడో ఏడో చదివే పిల్లలు నలుగురైదుగురు కలిసి వస్తుంటారు. "బాలాపూర్‌లో రోహింగ్యా పిల్లల కోసం ఏదైనా చేద్దామనుకుంటున్నాం అన్నా, ఎలా మొదలుపెట్టాలి?" అంటారు. అప్పటికే పేరు, లోగో, ఇన్‌స్టా పేజీ అన్నీ రెడీగా ఉంటాయి. లేనిదల్లా వారం మధ్యలో పొద్దున పదింటికి ఖాళీ దొరికే మనిషి. అక్కడ నిజంగా కొరత దానికే. బియ్యం, దుప్పట్లు, రంజాన్ కిట్లు ఎవరో ఒకరు పంచుతూనే ఉంటారు. బడి ఆఫీసుకో, ఆస్పత్రి కౌంటర్‌కో వాళ్ళ వెంట వెళ్ళి, తెలుగులో మాట్లాడి, పని అయ్యేదాకా అక్కడే కూర్చునేవాళ్ళు మాత్రం దొరకరు. మీ సంస్థ ఆ పని చేయగలిగితే చాలు.

ముందు కొంచెం చదువుకుని వెళ్ళండి. రోహింగ్యాలది మయన్మార్‌లోని రఖైన్ ప్రాంతం. 1982లో అక్కడ వచ్చిన పౌరసత్వ చట్టం వీళ్ళని ఏ దేశానికీ చెందనివాళ్ళుగా మార్చేసింది, 2012లో గొడవలు, 2017లో సైన్యం దాడులు, లక్షల మంది బంగ్లాదేశ్‌కి పోయారు, కొన్ని వేల మంది హైదరాబాద్ పాతబస్తీ వైపు, బాలాపూర్ చుట్టుపక్కలకి చేరారు. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చే కార్డు (అక్కడ అందరూ "యూఎన్ కార్డు" అంటారు) వీసా కాదు, ప్రభుత్వం దృష్టిలో వీళ్ళు అనుమతి లేకుండా ఉన్న విదేశీయులే. 1946 నాటి ఫారినర్స్ చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చాక కూడా అంతే. అందుకే "మేం ఉన్నాం, మీకేం కాదు" లాంటి మాట మీ నోటి నుంచి రాకూడదు. అయ్యేదాన్ని మీరు ఆపలేరు.

మొదటి ఏడాదికి ఒకే పని పెట్టుకోండి: బడిలో చేర్పించడం. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ ప్రతి బిడ్డకీ అంటుంది, పౌరులకి మాత్రమే అని అనదు. వయసు రుజువు లేదని చేర్చుకోకుండా ఉండకూడదని సెక్షన్ 14 చెబుతుంది, వయసుకి తగ్గ తరగతిలో కూర్చోబెట్టి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని సెక్షన్ 4 చెబుతుంది. ఢిల్లీ రోహింగ్యా పిల్లల కేసులో 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా, ముందు ప్రభుత్వ బడికి వెళ్ళి అడగండి, కాదంటే హైకోర్టుకి వెళ్ళండి అంది. ఈ రెండు సెక్షన్లనీ ఒక పేజీలో ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకోండి, కానీ వెళ్ళీ వెళ్ళగానే హెచ్ఎం గారి మొహాన పెట్టకండి. ఆవిడ దగ్గరా సమస్య ఉంది. ఆన్‌లైన్‌లో పిల్ల పేరు ఎక్కించాలంటే ఆధార్ అడుగుతుంది, ఇంటిపేరు అడుగుతుంది, వీళ్ళలో చాలామందికి ఇంటిపేరే ఉండదు. యూఎన్ కార్డులో ఒక స్పెల్లింగు, టీకాల కార్డులో ఇంకో స్పెల్లింగు. ఇంట్లో ముగ్గురు పిల్లలుంటే ముగ్గురి పుట్టినరోజూ జనవరి 1 అని ఉన్నా ఆశ్చర్యపోకండి. అందుకే ఇంటి దగ్గరే తల్లిని కూర్చోబెట్టుకుని ఏ స్పెల్లింగు వాడాలో తేల్చుకుని, ఒక కాగితం మీద రాసి, ప్రతి దరఖాస్తులోనూ అదే వాడండి. వినడానికి చిన్న పనే. పదో తరగతి హాల్ టికెట్ దగ్గర దాని విలువ తెలుస్తుంది.

ఇక్కడే పుట్టిన పిల్లల జనన ధ్రువీకరణ పత్రం మీద కూడా దృష్టి పెట్టండి. 21 రోజుల్లో అయితే సులువు, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ స్థాయిలో ఆర్డరు కావాలి. అది ఉన్నంత మాత్రాన పౌరసత్వం రాదని తల్లిదండ్రులకి అప్పుడే విడమరిచి చెప్పండి. ఆ ఆశతోనే చాలామంది దళారుల చేతిలో పడతారు. ఆధార్, ఓటరు కార్డు "చేయించి పెట్టే" మనిషి ప్రతి బస్తీలో ఒకడుంటాడు. అతనితో మీ వాలంటీర్ ఒక్క ఫోన్ కాల్ మాట్లాడినా కుటుంబం జైలుకి, సంస్థ కోర్టుకి. దీనిలో మొహమాటం వద్దు.

పద్నాలుగు దాటిన పిల్లల సంగతి కష్టం. మగపిల్లలు తండ్రితో పాటు ప్లాస్టిక్, అట్టపెట్టెలు ఏరడానికి పోతారు, ఆడపిల్లలని ఏడో తరగతి తర్వాత ఇంట్లో కూర్చోబెట్టి సంబంధాలు చూస్తారు. "చదువు గొప్పది" అని లెక్చర్ ఇస్తే ఆ అమ్మ తల ఊపి ఊరుకుంటుంది. ఆవిడ భయం దారి గురించి. నలుగురు అమ్మాయిలకి కలిపి ఒకే షేర్ ఆటో, అదీ ఆ బస్తీకి తెలిసిన డ్రైవర్‌తో కుదిర్చి చూడండి. ఇండియాలో డిగ్రీ చేసిన మొదటి రోహింగ్యా అమ్మాయిగా 2022లో తస్మిదా జోహార్ గురించి పత్రికలు రాశాయి, ఢిల్లీ యూనివర్సిటీలో చదివింది. పది ఉపన్యాసాల కంటే ఆ ఫొటో ఒక్కటి చూపించడం నయం.

ఇక సంస్థ లోపల. ఇరవై ఏళ్ళ రోహింగ్యా కుర్రాళ్ళు, అమ్మాయిలు దక్కనీ ఉర్దూ గడగడా మాట్లాడతారు, కొందరికి తెలుగూ వచ్చు. వాళ్ళని అనువాదానికి వాడుకుని, నిర్ణయాలు మాత్రం మీ హాస్టల్ రూమ్‌లో తీసుకోకండి. క్లాసు శుక్రవారం పెట్టాలా ఆదివారమా, ఏ ఇంటికి ముందు వెళ్ళాలి, ఎవరి మాట ఎవరు వింటారు, ఇవన్నీ వాళ్ళకే తెలుసు. ఖర్చుల పుస్తకం కూడా వాళ్ళ ముందు తెరవండి. వాళ్ళ సమయానికి డబ్బు ఎలా ఇవ్వాలో మాత్రం సీఏని, లాయర్‌ని అడిగి చేయండి.

రిజిస్ట్రేషన్‌కి తొందర లేదు, ఆరు నెలలు పనిచేసి చూడండి. సొసైటీకి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి, ట్రస్టు అంతకంటే తక్కువ మందితో అవుతుంది. అసలు టెన్షన్ విదేశీ డబ్బుది. డల్లాస్‌లో ఉన్న మీ బాబాయి ఇండియన్ పాస్‌పోర్టు మీదే ఉంటే, తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. ఆయన అమెరికన్ సిటిజన్ అయిపోయాడనుకోండి, ఆయన పంపే పదివేలైనా ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) కిందికి వస్తాయి. ఆ రిజిస్ట్రేషన్‌కి మామూలుగా సంస్థకి మూడేళ్ళ వయసు, 15 లక్షల ఖర్చు చూపించాలి. కాబట్టి ఫ్యామిలీ గ్రూపులో క్యూఆర్ కోడ్ పెట్టేముందు ఎవరి పాస్‌పోర్టు ఏదో అడగండి, బాగోకపోయినా సరే.

ఫొటోలు: మొహాలు వద్దు, బస్తీ బోర్డు వద్దు, లైవ్ లొకేషన్ అసలు వద్దు. ఒకరి మీద వచ్చిన వీడియోకి ఇంకొకరి ఇల్లు ఖాళీ చేయించొచ్చు, ఆ గుడిసెలు అద్దె స్థలాల్లో ఉన్నాయని మర్చిపోకండి. పిల్లల్ని రాత్రి ఎక్కడా ఉంచకండి, ఊరు దాటించకండి, విదేశీయులకి బస ఇచ్చినవాళ్ళు పోలీసులకి తెలపాలి. ఏ వాలంటీరూ ఒక్క బిడ్డతో ఒంటరిగా గదిలో ఉండకూడదు. పిల్లల మీద లైంగిక వేధింపు సంగతి తెలిస్తే పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి, "మనలో మనం చూసుకుందాం" అనడం నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098, ఉచిత న్యాయ సాయానికి 15100 అందరి ఫోన్లలో ఉండాలి.

చివరగా అందరూ వదిలేసేది. ఫైనల్ ఇయర్ అయ్యేసరికి మీలో సగం మంది ఎమ్మెస్ వీసా స్లాట్ల వెనక పడతారు, మిగతా సగం బెంగళూరు. ఫైళ్ళు ఎవరి దగ్గర, పాస్‌వర్డు ఎవరికి తెలుసు, హెచ్ఎం గారి నంబరు ఎవరి ఫోన్‌లో ఉంది, ఇవి జనవరిలోనే జూనియర్లకీ, బస్తీలోని కుర్రాళ్ళకీ ఇచ్చేయండి. జూన్‌లో అడ్మిషన్లు మొదలయ్యేలోపు వాళ్ళు ఒక్కసారైనా మీతో పాటు బడికి వచ్చి, ఆవిడకి పరిచయమై ఉండాలి.